దోమ, తెల్లదోమ, పండు ఈగ: పుట్టే చోటు పట్టుకుంటేనే పని జరుగుతుంది

సాయంత్రం అయ్యేసరికి కరెంటు బ్యాట్ పట్టుకుని దోమల వెంట పడటం, మొక్కల మీద తెల్లదోమ లేవగానే ఏదో ఒక మందు తెచ్చి కొట్టడం. ఈ పనులు ఎన్నాళ్ళు చేసినా తరగవు. ఎగురుతూ కనిపించే పురుగు తన బతుకులో చివరి దశకు వచ్చేసినట్టే. అప్పటికే గుడ్లు పెట్టేసి ఉంటుంది, లేదా రేపోమాపో పెడుతుంది. దానికంటే ముందున్న గుడ్డు, పిల్లపురుగు, ప్యూపా (పిల్లపురుగు రెక్కల పురుగుగా మారే మధ్య దశ) దశలన్నీ ఎగరలేనివి. ఎక్కడో ఒక చోట, మన చేతికి అందేలాగే ఉంటాయి. దోమకు నిలవ నీరు, నుసుములకు కుండీలో తడి మట్టి, తెల్లదోమకు ఆకు అడుగు, పండు ఈగకు కాయ లోపలి గుజ్జు, ఆ కాయ కింద మట్టి. ఆ చోటేదో, అక్కడ ఎన్ని రోజులుంటుందో తెలిస్తే ఏ పని ఎన్ని రోజులకోసారి చేయాలో దానంతట అదే తేలుతుంది.

దోమలు: ఏ నీళ్ళలో ఏది

ఒంటి మీద, కాళ్ళ మీద తెల్లచారలున్న దోమ ఏడిస్. పగలే కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం పొద్దు వాలే ముందూ ఎక్కువ. డెంగీ, చికున్‌గున్యా దీనితోనే వస్తాయి. దీనికి శుభ్రమైన నిలవ నీరు కావాలి, అదీ సీసా మూతలో పట్టేంత ఉన్నా సరిపోతుంది. రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టేది ఎక్కువగా క్యూలెక్స్. అది మురుగు నీటి దోమ. సెప్టిక్ ట్యాంకులు, కదలని సైడు కాలువలు దాని తావులు, బోదకాలు వ్యాధిని మోసేది అదే. మూడోది అనాఫిలిస్, మలేరియా దోమ. వాలినప్పుడు తోక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. పట్టణాల్లో మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో కూడా పెరుగుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూసింది ఈ జాతి దోమ కడుపులోనే. అందుకోసం ఆయన దోమలను నీళ్ళలోని పిల్లపురుగుల నుంచి పెంచి, రోగిని కుట్టించి, కోసి చూశాడు. ప్రపంచ దోమల దినం ఆ తేదీనే జరుపుతున్నారు.

ఏడిస్ గుడ్డు నుంచి ఎగిరే దోమ అయ్యేదాకా మన వానాకాలపు వేడిలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ళు పారబోయమనడానికి లెక్క ఇదే. ఆరోగ్య శాఖ వాళ్ళు శుక్రవారం డ్రై డే అని చెప్పేది కూడా ఇందుకే. కానీ చాలా ఇళ్ళలో నీళ్ళు పారబోసి ఊరుకుంటారు, అక్కడే దెబ్బతింటుంది. ఏడిస్ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నీళ్ళు లేకుండా నెలల తరబడి ఎండిపోయి ఉన్నా చావవు. మళ్ళీ నీళ్ళు తగిలిన రోజున పొదుగుతాయి. అందుకే పారబోశాక కొబ్బరి పీచుతోనో గట్టి బ్రష్‌తోనో లోపలి గోడను, ముఖ్యంగా నీటి గీత ఉన్నచోట, గట్టిగా రుద్ది ఆ నీళ్ళు కూడా నేల మీద పోసి, ఎండలో బోర్లించాలి. వేసవి అయ్యాక అటక మీదికి ఎక్కించిన కూలర్‌ను మరుసటి ఏడాది దించి నీళ్ళు పోయగానే వారంలో దోమలు లేవడానికి కారణం ఆ ఎండు గుడ్లే. కూలర్ దాచేముందు తొట్టి రుద్ది, గడ్డి ప్యాడ్లు తీసి పారేయండి.

వెతకాల్సిన చోట్లు చాలామందికి సగమే తెలుసు. పూలకుండీ కింద పళ్ళెం, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు అందరూ చూస్తారు. చూడనివి ఇవి: ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద ఉండే నీటి ట్రే, సీసాలో పెట్టిన మనీప్లాంట్, వాడని బాత్రూంలో కమోడ్, ఫ్లష్ ట్యాంకు, పెరట్లో పాత రోలు, పిట్టలకు పెట్టిన మట్టి మూకుడు, కిటికీ సజ్జా మీద నీరు నిలిచే పల్లం, డాబా మీద కప్పిన టార్పాలిన్ మడతలు, గేటు కోసం పాతిన ఇనుప గొట్టం పైకన్నం. గొట్టాల్లో ఇసుక నింపేస్తే ఒక్కసారితో పోతుంది. మనీప్లాంట్ నీళ్ళు మార్చేటప్పుడు వేళ్ళను కూడా కుళాయి కింద కడగాలి, సీసా లోపల బ్రష్ తిప్పాలి. వాడని కమోడ్ మూత వేసి ఉంచి, వారానికోసారి ఫ్లష్ చేస్తే చాలు.

పారబోయలేని నీళ్ళు మరో సంగతి. తామర తొట్టిలో నాలుగైదు గప్పీ చేపలు వేస్తే పిల్లపురుగుల్ని తినేస్తాయి. గంబూషియా ఇంకా ఆబగా తింటుంది గానీ, అది పొరపాటున చెరువులోకి చేరితే అక్కడి మన చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. తొట్టికి గప్పీ చాలు. చేపలు వద్దనుకుంటే బి.టి.ఐ. అనే బ్యాక్టీరియా పొడి దొరుకుతుంది, పూర్తి పేరు బాసిల్లస్ తురింజెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్. దోమ, నుసుము జాతుల పిల్లపురుగులు దాన్ని తిని చస్తాయి. చేపలకు, తేనెటీగలకు, మనకు హాని లేదు. అయితే అది ప్యూపా మీద పనిచేయదు, ఎందుకంటే ప్యూపా ఏమీ తినదు. కామా ఆకారంలో వంకర తిరిగి ఉన్నవి తొట్టిలో అప్పటికే కనిపిస్తుంటే సన్న జాలీతో దేవేయాలి. మోతాదు ఒక్కో సరుకుకి ఒక్కోలా ఉంటుంది, డబ్బా మీదున్నదే పాటించండి.

సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు మూతలు బిగువుగా ఉన్నా ఓవర్‌ఫ్లో గొట్టం నోరు తెరిచి ఉంటుంది, దోమ అక్కడి నుంచే లోపలికి పోతుంది. దానికీ, అంతకంటే ముఖ్యంగా సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పైనా నైలాన్ దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి బైండింగ్ వైరుతో కట్టాలి. ఒక వీధిలో రాత్రి దోమలు భరించలేనంతగా ఉన్నాయంటే మొదట చూడాల్సింది ఈ గాలి గొట్టాలనే. ఎండకు ఆ గుడ్డ పెళుసుబారి చిరుగుతుంది కాబట్టి ఏటా తొలకరికి ముందు మార్చాలి. ఛాంబర్ మూతల అంచుల్లో సందులుంటే సిమెంటుతో పూడ్చండి. కదలని మురుగు కాలువల్లో మున్సిపాలిటీ వాళ్ళు ఆయిల్ బాల్స్ వేస్తుంటారు, రంపపు పొట్టును గుడ్డలో మూటకట్టి వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టినవి. నూనె పొర నీటి మీద పరుచుకుంటే పిల్లపురుగు ఊపిరి గొట్టం పైకి పెట్టలేక చస్తుంది. అది మురుగుకే పరిమితం. చెట్ల పాదుల్లోకి, చెరువులోకి వెళ్ళే నీటిలో వేయకూడదు.

ఫాగింగ్ బండి వస్తే వీధిలో అందరికీ ఊరట. ఆ పొగ ఆ క్షణాన ఎగురుతున్న దోమలనే చంపుతుంది, నీళ్ళలో ఉన్నవాటిని తాకదు. డెంగీ కేసులు వచ్చినప్పుడు అది అవసరమే, మిగతా రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోకండి. నీలి కాంతితో చిటపటలాడే దీపాల మెషిన్లు కూడా అంతే. వాటిలో పడేవి ఎక్కువగా దీపపు పురుగులు, దోమలు చాలా తక్కువ. కుట్టే దోమ వెలుతురును చూసి రాదు, మన ఊపిరిని, ఒంటి వేడిని, చెమటను పసిగట్టి వస్తుంది. గుమ్మంలో తులసి, నిమ్మగడ్డి కుండీ పెట్టినంత మాత్రాన దోమలు ఆగవు.

పనిచేసేవి సాదాగా ఉంటాయి. అంగుళానికి 16 నుంచి 18 కన్నాలుండే జాలీ కిటికీలకు, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, మంచానికి దోమతెర. ఫ్యాన్ కూడా బాగా ఉపయోగపడుతుంది, దోమ గాలికి ఎదురు ఎగరలేదు. బల్ల కింద కాళ్ళ దగ్గరకు గాలి తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టుకుంటే సాయంత్రాలు తేడా కనిపిస్తుంది. గది తలుపులు బిగించి దోమల కాయిల్ వెలిగించడం మాత్రం మానండి, పిల్లలూ ఉబ్బసం ఉన్నవాళ్ళూ ఉన్న ఇంట్లో మరీ. రిజిస్ట్రేషన్ నంబరు లేని దోమల అగరుబత్తీలు ఊదు కడ్డీల్లా చవగ్గా అమ్ముతున్నారు, వాటిలో ఏ మందు ఎంత ఉందో చెప్పేవాడు లేడు. ఇంట్లో నువాన్ కొట్టే అలవాటు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. అందులోని డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. పాత సీసా మిగిలి ఉంటే వాడకండి.

వంటింట్లో, బాత్రూంలో చిన్న ఈగలు

ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఒకే మందు పోస్తుంటారు. అరటిపండ్ల మీద ముసిరే ఎర్రకళ్ళ చిన్న ఈగ వేరు, బాత్రూం గోడ మీద బొచ్చు రెక్కలు పరుచుకుని కూర్చునే బూడిదరంగుది వేరు.

ఎర్రకళ్ళదానికి పులిసిన సరుకు కావాలి. పది రోజుల్లో కొత్త తరం వస్తుంది. గ్లాసులో 50 మి.లీ. వెనిగర్ పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి పెడితే వాలినవి మునిగిపోతాయి. ఆ చుక్క లేకపోతే నీటి పైపొర వాటిని తేల్చి ఉంచుతుంది, తాగి ఎగిరిపోతాయి. కానీ గ్లాసు నిండుతున్నా ఈగలు తగ్గకపోతే అసలు తావు దొరకలేదన్నమాట. ఉల్లిపాయల బుట్ట అడుగున కుళ్ళిన బంగాళాదుంప, చెత్తబుట్ట కవరు కింద కారిన రసం, తడి మాపు గుడ్డ, వేసవిలో మామిడి టెంకలు పడేసిన మూల. వీటిలో ఒకటి కచ్చితంగా ఉంటుంది.

బాత్రూం ఈగ డ్రెయిన్ గొట్టం లోపలి జిగురులో పెరుగుతుంది. ఏ జాలీలోంచి వస్తోందో తెలియాలంటే రాత్రి జాలీ మీద సగం మేర పారదర్శక టేపు, జిగురు వైపు కిందికి పెట్టి అతికించండి. పొద్దున్నే టేపుకు ఈగలు అంటుకుని ఉంటే అదే. ఫినాయిల్, బ్లీచింగ్ పోస్తే జిగురు పైనుంచి జారిపోతాయి, లోపలున్న పురుగుకు తగలవు. జాలీ తీసి, పొడవాటి సీసాల బ్రష్‌తో గొట్టం గోడలు గీకి, తర్వాత బకెట్ వేడినీళ్ళు పోయాలి. పీవీసీ గొట్టం కాబట్టి మరిగే నీళ్ళు వద్దు, చేయి పెట్టలేనంత వేడి ఉంటే చాలు. రెండు రోజులకోసారి ఇలా రెండు వారాలు చేస్తే తరం తెగుతుంది. వాడని బాత్రూంలో నహానీ ట్రాప్ (జాలీ కింద నీళ్ళు నిలిచే గిన్నె) ఎండిపోతే మురుగు వాసనతోపాటు ఈగలూ పైకొస్తాయి, వారానికో చెంబు నీళ్ళు పోయండి.

కుండీల మీద లేచే నుసుములు

నీళ్ళు పోయగానే మట్టి మీంచి గుంపుగా లేచే నల్లటి సన్నపాటివి నుసుములు. వాటి పిల్లపురుగులు పైరెండు అంగుళాల తడి మట్టిలో ఉంటాయి, అద్దంలాంటి ఒళ్ళు, నల్లతల. పెద్ద మొక్కకు పెద్దగా నష్టం లేదు గానీ, నారు మొక్కల లేత వేళ్ళు కొరికేస్తాయి. ఉన్నాయో లేదో అనుమానముంటే పచ్చి బంగాళాదుంప ముక్క మట్టి మీద బోర్లించి రెండు రోజుల తర్వాత తిప్పి చూడండి, కింద చేరి ఉంటాయి.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, నీళ్ళు ఎక్కువ. కోకోపీట్ ఎక్కువ కలిపిన మట్టి పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల తడిగా ఉంటుంది, మనం మళ్ళీ పోస్తాం. వేలు రెండో కణుపు దాకా దింపి పొడిగా అనిపిస్తేనే పోయండి. పైన ఒక సెంటీమీటరు మందాన ముతక ఇసుక పరిస్తే గుడ్లు పెట్టడానికి తడి చోటు దొరకదు. వేపపిండి, ఆవపిండి చెక్క, సగం మగ్గిన కంపోస్టు మట్టి మీద చల్లి వదిలేస్తే నుసుములకు విందు పెట్టినట్టే. ఏది వేసినా రెండు అంగుళాలు లోపలికి కలపాలి. మరీ ఎక్కువైతే పైన చెప్పిన బి.టి.ఐ. నీళ్ళలో కలిపి మట్టి తడిసేలా వారానికోసారి, నాలుగు వారాలు పోస్తే పోతాయి. గుడ్డు నుంచి ఎగిరేదాకా మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి ఒక్కసారితో ఆపకూడదు.

కంపోస్టు డబ్బాలో లావుపాటి, గోధుమరంగు పురుగులు కనిపిస్తే చాలామంది హడలిపోయి డబ్బా అంతా పారబోస్తారు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు. చెత్తను వేగంగా తిని ఎరువు చేస్తాయి, పెద్దయ్యాక కుట్టవు, అన్నం మీద వాలవు. వదిలేయండి. డబ్బాలో తడి చెత్త వేసినప్పుడల్లా పిడికెడు ఎండుటాకులు కప్పితే ఇంటి ఈగలు చేరవు.

తెల్లదోమ

బెండ, వంగ, టమాట, మిరప, మందార. మొక్కను కదిపితే తెల్లటి పొడిలా లేచి మళ్ళీ అక్కడే వాలుతుంది. రసం పీల్చడం వల్ల జరిగే నష్టం కంటే అది మోసుకొచ్చే వైరస్ పెద్ద నష్టం. బెండలో ఈనెలు పసుపుబారే పల్లాకు తెగులు, టమాటలో ఆకుముడత దీనివల్లే వస్తాయి. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. బెండ మొక్కల్లో ఒకదానికి ఈనెలు పసుపుబారితే ఆ రోజే పీకేయాలి. కాపు మీదుందని జాలిపడి ఉంచితే మిగతావాటికి అదే విత్తనం అవుతుంది. పీకేముందు దాని మీద తెల్లదోమను నీళ్ళతో తడిపేయండి, లేకపోతే పీకుతుండగానే లేచి పక్క మొక్క మీద వాలుతుంది.

ఆకు తిప్పి చూస్తే అసలు సంసారం కనిపిస్తుంది. గుడ్లు, పొలుసుల్లా అతుక్కుని కదలని పిల్లలు, ప్యూపాలు అన్నీ అడుగునే. ఎండాకాలంలో మూడు వారాల లోపే తరం తిరుగుతుంది. కాబట్టి పైనుంచి ఎంత మందు కొట్టినా ప్రయోజనం లేదు. పొద్దున్నే, అవి మందకొడిగా ఉన్నప్పుడు, పైపు చివర వేలు పెట్టి జోరు నీటితో ఆకు అడుగు కడగండి. కుండీని వంచి కొడితే ఇంకా తేలిక. సగానికి సగం దీనితోనే తగ్గుతుంది.

ఆ సాయంత్రం వేపనూనె. లీటరు నీటికి 5 మి.లీ. నూనె, 1 మి.లీ. గిన్నెల లిక్విడ్. ముందు నూనెలో సబ్బు బాగా కలిపి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ గిలకొట్టాలి, మజ్జిగలా తెల్లబడాలి. నూనె పైన తేలుతుంటే కలవలేదన్నమాట. అలా కొడితే ఒక ఆకుకు ఉత్తి నీళ్ళు, ఇంకో ఆకుకు పచ్చి నూనె పడి మాడుతుంది. సబ్బు ఇష్టం లేనివాళ్ళు చిక్కటి కుంకుడు రసం 10 నుంచి 15 మి.లీ. వాడవచ్చు. బట్టల సర్ఫ్ ఘాటుకు లేత ఆకులు కాలతాయి. కలిపినది ఆ పూటే వాడేయాలి. ఎండలో కొట్టకూడదు, దానికి రెండు కారణాలు: ఆకు మాడుతుంది, వేపలోని అజాడిరక్టిన్ ఎండకు విరిగిపోతుంది. బీర, దోస వంటి పాదుల ఆకులు సున్నితం, వాటికి 3 మి.లీ. నూనె చాలు, అదీ రెండాకుల మీద కొట్టి ఒక రోజు చూశాకే.

వేపగింజలు దొరికే ఊళ్ళో ఉంటే కషాయం ఇంకా మేలు. లీటరుకు 50 గ్రాముల గింజల పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న మూటను పదేపదే పిండి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి. గింజలు నీడలో ఎండినవి, ఆ ఏడాదివి అయి ఉండాలి. బూజు పట్టినవి, ఏడాది దాటినవి పనిచేయవు.

ఏది కొట్టినా ఐదు నుంచి ఏడు రోజుల ఎడంతో మూడుసార్లు తప్పదు. ఒక్కసారి కొట్టి తగ్గలేదని మందు మార్చేస్తారు చాలామంది. మొదటి పిచికారీకి గుడ్లు, ప్యూపాలు మిగిలిపోతాయి, రెండో మూడో పిచికారీలు వాటిలోంచి వచ్చిన లేతవాటి కోసం. గట్టి మందు కొడితే ఒక్క దెబ్బకు పోతుందన్న ఆలోచన మరీ ప్రమాదం. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు పదేపదే కొట్టిన చోట తెల్లదోమ ఉప్పెనలా విరుచుకుపడింది. మందుకు మొదట చచ్చేది దాన్ని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సన్న కందిరీగలు. అవి పోయాక తెల్లదోమకు అడ్డెవరు? మిద్దె మీద పది కుండీలున్నా లెక్క అదే.

పసుపు జిగురు అట్టలు మొక్క కొనకు కాస్త పైన కట్టండి, నాలుగైదు కుండీలకు ఒకటి. ఇంట్లో చేసుకోవాలంటే పసుపు రంగు ప్లాస్టిక్ మూతకు ఆముదం పూస్తే సరిపోతుంది, ఆరిపోగానే తుడిచి మళ్ళీ పూయాలి. వీటితోనే తెల్లదోమ పోదు. ఎంత ఉందో, తగ్గుతోందో పెరుగుతోందో చూపిస్తాయి. మంచి పురుగులు, తేనెటీగలు అంటుకుంటుంటే తీసేయండి. ఇంకొకటి, చీమల సంగతి. తెల్లదోమ విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తూ మిత్రపురుగుల్ని తరిమేస్తాయి. స్టాండు కాళ్ళకు గ్రీజు పట్టీ పూయండి. కొందరు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతారు, అందులో వారానికి ఏడిస్ దోమలు తయారవుతాయి, పెడితే సబ్బు నీళ్ళు పెట్టండి.

కొబ్బరి మీది తెల్లదోమ దారి వేరు. ఆకు అడుగున గుండ్రంగా చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టే సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులో మొదట కనిపించి, త్వరలోనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు, నర్సరీలకు పాకింది. జామ, అరటి మీద కూడా ఉంటుంది. కింది ఆకులన్నీ నల్లటి మసి పట్టడంతో అందరూ భయపడి మందు కొట్టిస్తారు. కొట్టించకండి. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని పరాన్నజీవి కందిరీగ దీనిలో గుడ్లు పెట్టి చంపుతుంది. అడుగున ఉన్న ప్యూపాలు తెల్లగా కాక నల్లబడి ఉంటే అది వచ్చేసినట్టే. అలాంటి ఆకు ముక్కలు కోసి, అది లేని చెట్టుకు కట్టవచ్చు. అందేంత ఎత్తు చెట్టుకు జోరు నీళ్ళు, మసికి లీటరుకు 10 గ్రాముల మైదా కాచిన పల్చటి గంజి పిచికారీ చేస్తే, అది ఎండి పొరలా మసితో సహా రాలిపోతుంది. దీని మీద పనిచేసే ఐసేరియా శిలీంద్రాన్ని కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం అందిస్తోంది, చుట్టుపక్కల రైతులు అక్కడే అడగవచ్చు.

ఉసిళ్ళు

తొలి వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ మూగే ఉసిళ్ళకు మందు అక్కర్లేదు. ఇంట్లో లైట్లు ఆపి, బయట ఒక దీపం కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెడితే గంటలో సద్దుమణుగుతుంది. చూడాల్సింది అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో. బయటి నుంచి కిటికీలోకి వస్తే సరే. ఇంటి లోపలి గోడ పగులు నుంచో, గుమ్మం చెక్క నుంచో లేస్తున్నాయంటే అక్కడ చెదల గూడు ఉన్నట్టు, ఆ వారంలోనే చెదల పని తెలిసినవాళ్ళను పిలవాలి.

పండు ఈగ

కాకర, బీర, సొర, దోస పిందె మీద చిన్న చుక్క, దానిలోంచి జిగురు, రెండు రోజుల్లో పిందె వంకరపోయి పసుపుబారి రాలడం. కోస్తే లోపల తెల్ల పురుగులు. మిద్దెతోట వాళ్ళను ఎక్కువగా విసిగించేది ఇదే. దీని మీద జరిగే పెద్ద పొరపాటు తప్పు ఎర కొనడం. దుకాణంలో పండు ఈగ లూర్ అంటే చాలావరకు మిథైల్ యూజినాల్ ఇస్తారు. అది మామిడి, జామ ఈగకు. పాదుల ఈగ దాని వైపు చూడదు, దానికి క్యూ లూర్ కావాలి. నెల రోజులు ట్రాప్ ఖాళీగా వేలాడుతూ, పక్కనే కాకరకాయలు పుచ్చిపోతుంటే సంగతి ఇదేనని గ్రహించండి. రెండు రకాల చెట్లూ ఉంటే రెండు ట్రాపులు విడివిడిగా, దూరంగా కట్టాలి, ఒకే దానిలో రెండు బిళ్ళలు కలపకూడదు.

లీటరు నీళ్ళ సీసా పైమూడో వంతులో ఎదురెదురుగా రెండు సెంటీమీటర్ల కన్నాలు రెండు చేసి, మూత నుంచి తీగతో లూర్ బిళ్ళ వేలాడదీసి, అడుగున రెండు వేళ్ళ ఎత్తు సబ్బు నీళ్ళు పోస్తే ట్రాప్ సిద్ధం. నీడలో, నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున కట్టండి. తీగకు గ్రీజు రాయకపోతే చీమలు చచ్చిన ఈగల్ని మోసుకుపోతాయి, ట్రాప్ పనిచేయడం లేదని మీరు అనుకుంటారు. బిళ్ళ 45 నుంచి 60 రోజులకు మార్చాలి. పూత మొదలవకముందే కట్టాలి.

ఈ ఎరకు పడేవి మగ ఈగలే. మిగిలిన కొద్ది మగవాటితోనూ ఆడ ఈగలు జతకట్టి గుడ్లు పెడతాయి కాబట్టి ట్రాప్ ఒక్కటే చాలదు. రాలిన, పుచ్చిన పిందెలు ఏ రోజువి ఆ రోజే ఏరాలి. లోపలి పురుగు ఎదిగాక కాయ వదిలి మట్టిలోకి ఒకటి రెండు అంగుళాలు దిగి ప్యూపా అవుతుంది, వారం పది రోజుల్లో ఈగై పైకి లేస్తుంది. ఏరినవి కంపోస్టులో వేయకండి. మందపాటి పాలిథిన్ కవర్లో మూతి బిగించి ఐదారు రోజులు ఎండలో పెట్టండి, వానాకాలమైతే సబ్బు నీళ్ళ బకెట్లో ముంచండి. పాతిపెట్టేట్టయితే రెండడుగుల లోతు ఉండాలి, జానెడు గోతిలోంచి ఈగ తేలిగ్గా బయటపడుతుంది. పాదుల కింద మట్టిని వారానికోసారి రెండు మూడు అంగుళాలు గుల్ల చేస్తే ప్యూపాలు ఎండకు, చీమలకు, పిట్టలకు దొరుకుతాయి.

కాయకు సంచి కట్టడం అన్నిటికంటే ఖాయమైన పని. ఈగ లేత పిందెనే పొడుస్తుంది, కాబట్టి కాయ బొటనవేలంత అయ్యేదాకా ఆగితే ఆలస్యమే. పూరేకులు వాడగానే సన్నని నెట్ సంచో, కాగితం పొట్లమో కట్టాలి. అంతకంటే ముందు కడితే పరాగ సంపర్కం జరగక పిందె మాడిపోతుంది. పాదు మొత్తానికి వల కప్పేస్తే కూడా ఇదే ఇబ్బంది, అప్పుడు మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు మనమే అద్దాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పొద్దున్నే. వేళ తప్పితే అద్దినా నిలవదు. అదే కారణంగా ఏ పిచికారీ అయినా ఆ పాదు పూలు ముడుచుకున్నాకే చేయాలి, తేనెటీగలు వచ్చే వేళలో వద్దు.

మామిడికి వానలు పడ్డాక ఈగ ఉధృతి పెరుగుతుంది. ముదిరిన కాయను చెట్టు మీద పండనివ్వకుండా వానలకు ముందే కోస్తే నష్టం బాగా తగ్గుతుంది. మామిడి అయిపోగానే ట్రాప్ విప్పేసి అటక మీద పెట్టేస్తుంటారు. పెరట్లో జామ చెట్టుంటే ఆ ఈగే వానాకాలపు జామకాయల మీదికి మళ్ళుతుంది, కాబట్టి బిళ్ళ మార్చి అదే ట్రాప్‌ను జామ కొమ్మకు కట్టండి.